బంగారు పంజరం, ఇత్తడి అద్దం

మకరందపురాన్ని ఏలే జయశీల మహారాజు వేటకు వెళ్ళి, కరాళముఖుడనే రాక్షసుడి కోపానికి శిలగా మారిపోయాడు. రాక్షసుడి గుహలో రెండు ఊటలున్నాయి. ఒకదాని నీరు చల్లితే రాజు లేచి కూర్చుంటాడు. రెండోదాని నీరు చల్లితే శిల పొడి అయిపోతుంది. రెండు నీళ్ళూ చూడడానికి ఒక్కలాగే ఉంటాయి. మంత్రులు గడ్డాలు నిమురుకుంటూ కూర్చున్నారు. రాకుమారి వకుళ మాత్రం కత్తి కట్టుకుని అడవిదారి పట్టింది.

అడవిలో శంఖపాణి అనే ముని ఆమెకొక గోరువంకను ఇచ్చాడు.

"ఆ తేడా మనిషి కంటికి ఆనదు తల్లీ. ఈ పిట్ట కంటికి ఆనుతుంది, కానీ దానికి నేర్పాలి. బంగారు పంజరంలో పెడితే ఒక్క పూటలో నేర్చేస్తుంది. ఇత్తడి అద్దం ముందు నేర్పితే చాలాకాలం పడుతుంది గాని, పిట్ట ఏ పాఠంలో ఏం చూసి ఏం చెప్పిందో అందులో కనిపిస్తుంది. ఏదో ఒకటి తీసుకో."

"నాన్నగారు అక్కడ రాయై పడి ఉన్నారు స్వామీ! పంజరమే ఇవ్వండి," అంది వకుళ.

ముని సరేనని పంజరం ఇచ్చాడు. శిల మీద చల్లడానికి చాలనంత కొద్దిగా, మచ్చుకు మాత్రం మంచినీటిని రాగిచెంబులో, చెడ్డనీటిని మట్టిముంతలో తెచ్చి ఇచ్చాడు. సాయంత్రానికల్లా గోరువంక మంచినీటి మీద వాలి "ఇదే, ఇదే!" అని అరవసాగింది. ఒక్కసారీ తప్పలేదు. వకుళ ఆనందానికి అంతులేదు.

దారిలో ముంత పగుళ్ళిచ్చింది. చెడ్డనీరు కారిపోకుండా ఆమె దాన్ని తన రాగిగిన్నెలో పోసింది. గోరువంక రివ్వున వచ్చి ఆ గిన్నె మీద వాలి "ఇదే, ఇదే!" అంది.  ఈ పిట్టను నమ్మి తండ్రి మీద నీళ్ళు చల్లి ఉంటే!

ఆమె పరుగున వెనక్కి వచ్చింది. "స్వామీ, అద్దం ఇప్పించండి. పిట్ట ఎందుకు తప్పిందో ఈ పంజరం నాకు చెప్పదు."

వకుళ అద్దం ముందు అవే పాఠాలు మళ్ళీ చెప్పించి చూసింది. గోరువంక నీటి వంక చూడనేలేదు! దాని చూపంతా రాగి తళుకు మీదే ఉంది.

"ఓసి దొంగపిట్టా! నువ్వు నేర్చుకున్నది చెంబునా?" అని వకుళ పకపకా నవ్వింది.

ఆ తరువాత రెండు నీళ్ళనూ ఆకుదొన్నెల్లో, కొబ్బరిచిప్పల్లో, రాగిలో, మట్టిలో మార్చి మార్చి పోసి నేర్పింది. పిట్ట చూపు పక్కకు పోయినప్పుడల్లా అద్దం పట్టిచ్చేది. చివరికి అది నీటిని తప్ప మరి దేన్నీ చూడకుండా అయింది.

గుహలో కరాళముఖుడు, వచ్చినవాళ్ళు తళుకు చూసి మోసపోవాలని చెడ్డ ఊట చుట్టూ రాగిపలకలు పరిచి, మంచి ఊటను ముళ్ళకంపలతో కప్పి కూర్చున్నాడు. "ఏమే పిల్లా, నా మీదికి పిట్టను తెచ్చావా?" అని గుహ దద్దరిల్లేలా నవ్వాడు.

గోరువంక ముళ్ళకంప మీద వాలింది. "ఇదే, ఇదే!"

"దానికి మతి పోయింది! మళ్ళీ అడుగు!" అని రాక్షసుడు బొబ్బలు పెట్టాడు.

వకుళ అద్దం ఎత్తి చూసింది. పిట్ట చూపు నీటి మీదే ఉంది. మరి ఆలోచించకుండా ముళ్ళు తోసి చెంబు నింపుకుంది. మాయ పారని కరాళముఖుడు పొగై ఎగిరిపోయాడు.

నీరు చల్లగానే రాజు కళ్ళు తెరిచాడు. జరిగిందంతా విని, "పిట్ట మాట మీద నా ప్రాణం పెట్టావా తల్లీ?" అన్నాడు.

"దాని మాట మీద కాదు నాన్నగారూ, దాని చూపు మీద."

రాజు సంతోషంతో ఆమెకే పట్టం కట్టాడు. వకుళ మహారాణి తొలి ఆజ్ఞ ఒకటే. ఇత్తడి అద్దాన్ని సభలో తన సింహాసనానికి ఎదురుగా నిలబెట్టించింది. తాను ఏం చూసి తీర్పు చెబుతున్నదో ప్రజలందరికీ కనిపించాలని.