నుదుటి మీద కారం

పొద్దున ఆరున్నరకు కూలీల ఆటో వస్తుంది. ఆలోపు అంకమ్మ అన్నం గిన్నె సర్దుకోవాలి, తలకు గుడ్డ చుట్టుకోవాలి, కోడలి కంటపడకుండా గడప దాటాలి. మొదటి రెండూ రోజూ కుదురుతాయి. మూడోదే కుదరదు.

"అత్తమ్మా, చెయ్యి," అంటూ మరీసెల్ గుమ్మంలోనే ఎదురైంది.

"ఇప్పుడు కాదులేమ్మా, ఆటో వచ్చింది," అని అంకమ్మ రెండు చేతులూ కొంగు కింద దాచుకుని పక్కనుంచి జారుకుంది. ఆటో ఇంకా రాలేదు.

మరీసెల్‌ది ఫిలిప్పీన్స్. కువైట్‌లో డ్రైవరుగా ఉన్న అంకమ్మ కొడుకు బెన్నీకి అక్కడి చర్చిలో పరిచయమైంది. అక్కడే పెళ్లి చేసుకుని నవంబరులో ఇద్దరూ ఊరికొచ్చేశారు. ఇప్పుడు బెన్నీ పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు లారీ తోలుతున్నాడు. నాలుగు నెలల్లో ఆ పిల్ల గోంగూర తినడం నేర్చింది, తెలుగు సగం నేర్చింది. తన దేశపు అలవాటు ఒకటి మాత్రం వదల్లేదు. పెద్దవాళ్లు ఇంట్లోంచి వెళ్తున్నా, ఇంటికి వచ్చినా వాళ్ల చెయ్యి అందుకుని, వంగి, నుదుటికి ఆనించుకోవాలి. వాళ్లు దీవించాలి. బెన్నీ మొదటి రోజే తల్లికి ఇదంతా విడమరిచి చెప్పాడు. అంకమ్మ తలూపింది. చెయ్యి మాత్రం ఇవ్వలేదు.

"ఏం అంకమ్మొదినా, నీ చెయ్యి వాసన చూడందే నీ కోడలు కాఫీ తాగదంటగా!" అంది ఆటోలో ముఠా మేస్త్రి వెంకటరావమ్మ. పదహారు మంది ఆడవాళ్లూ ఘొల్లుమన్నారు. అంకమ్మ కూడా నవ్వింది. నవ్వకపోతే ఇంకో నాలుగు పడతాయి.

ఆ వారమే పాస్టరమ్మగారు మరీసెల్‌కి ఆదివారపు బడి అప్పజెప్పింది. "మీ దేశం సంగతులేవైనా చెప్పమ్మా, పిల్లలు సంబరపడతారు," అంది. మరీసెల్ తన ఊరి సముద్రం బొమ్మ గీసి చూపించింది, ఒక పాట నేర్పింది, చివర్న పెద్దవాళ్ల చెయ్యి అందుకోవడం నేర్పింది. మర్నాటికి పిల్లలు పాట మర్చిపోయారు. చెయ్యి మర్చిపోలేదు.

సోమవారం సాయంత్రం ఆటో ఆగేసరికి చర్చి గోడ పక్కన పిల్లలు బారుగా నిలబడి ఉన్నారు. వెంకటరావమ్మ మనవరాలు షారోన్ అందరికంటే ముందుకొచ్చి, "నానమ్మా, చెయ్యి," అంది.

పొద్దుటినుంచీ ఎండలో నడుం వంచి మిరపకాయలు కోసి వచ్చిన మనుషులు. పిల్లలు అంత మర్యాదగా అడిగితే నొప్పులన్నీ మర్చిపోయి చేతులు చాపారు. వెంకటరావమ్మ రెండు చేతులూ ఇచ్చింది. మిరపచేలల్లో పుట్టి పెరిగినవాళ్లలో ఒక్కరికీ ఆ నిమిషాన కారం గుర్తు రాలేదు.

నుదుటి చెమట కళ్లలోకి దిగడానికి ఎంతసేపు? ముందు షారోన్ కేక పెట్టింది, వెనక తక్కినవాళ్లు. కుళాయి దగ్గర నీళ్లు కొట్టుకునే కొద్దీ మంట ముఖమంతా పాకింది. ఎవరి చెయ్యీ అందుకోనివాళ్లు కూడా తోడుగా ఏడ్చారు. మొహాలకు మజ్జిగా కొబ్బరినూనే పూసి పిల్లల్ని ఊరుకోబెట్టాక, ఆడవాళ్లంతా కట్టకట్టుకుని అంకమ్మ వాకిట్లోకి వచ్చారు.

"ఏదే నీ కోడలు? పిలువు బయటికి!" వెంకటరావమ్మ గొంతు వీధి చివరికి వినబడుతోంది. "దేశం కాని దేశం నుంచొచ్చి పిల్లల కళ్లు పోగొడుద్దా? ఇకనుంచి ఆ బడికి ఒక్క పిల్లని పంపితే ఒట్టు!"

అంకమ్మ అందరికీ దణ్ణాలు పెట్టి పంపించింది. తలుపు వేసి కోడలి మీదకు తిరిగింది.

"ఎవురు నేర్పమన్నారే నిన్ను? మాకు మర్యాద తెలవకనా నువ్వొచ్చి నేర్పటానికి?"

"నాకు తెలియదు అత్తమ్మా. చేతికి కారం ఉంటుందని ఎవరూ చెప్పలేదు."

"రోజూ నేను చెయ్యి ఎందుకు లాక్కుంటన్నానో అర్థం కాలా?"

"కోపం అనుకున్నాను." మరీసెల్ మాటలు వెతుక్కుంటూ చెప్పింది. "మా ఊళ్లో పెద్దవాళ్లు చెయ్యి ఇవ్వకపోతే, నువ్వు మా మనిషివి కాదు అని. నాకు ఇవ్వరు. పిల్లలకైతే ఇస్తారు. అది చూస్తే చాలు అనుకున్నాను."

గోడకు ఆనుకుని నిలబడ్డ బెన్నీ అప్పుడు నోరు తెరిచాడు.

"నవంబర్లో కోత లేదుగదమ్మా. డిసెంబర్లోనూ లేదు. అప్పుడేం కారముంది నీ చేతికి?"

అంకమ్మ రెండు చేతులూ కొంగు కిందికి లాక్కుంది.

"పిడుగురాళ్లలో గది చూశా. గురువారం సామాను లారీలో ఏసుకుని పోతాం," అన్నాడు. "నీ మీద కోపంతో కాదు. అది రోజూ గుమ్మంలో నిలబడి చెయ్యి అడుక్కోటం నేను చూళ్లేకపోతన్నా."

మంగళవారం పొద్దున ఆటో వచ్చి హారన్ కొట్టింది. అంకమ్మ తలకు గుడ్డ చుట్టుకోకుండానే బయటికి వచ్చింది.

"నేను రెండ్రోజులు రాను."

"కోత ముమ్మరంలో రాకపోతే ఎట్టా? జొరమా?" అంది వెంకటరావమ్మ.

"జొరం కాదు. చేతుల కారం పోవాల."

వెంకటరావమ్మకు లోపల సామాను సర్దుతున్న చప్పుడు వినబడింది. "నూనె రాసి సున్నిపిండితో రుద్దు," అంది చివరికి. "గోళ్ల సందుల్లో బాగా రుద్దు. అక్కడిది ఒక పట్టాన పోదు." ఆటో కదిలింది.

అత్త ఇంట్లో ఎందుకుందో మరీసెల్ అడగలేదు. చెయ్యి కూడా అడగలేదు. బట్టలు మడతపెట్టి సంచుల్లో సర్దుకుంది. పెరట్లో అంకమ్మ పూటకు మూడుసార్లు చేతులు రుద్దుకుంది. బుధవారం సాయంత్రం వేలు నాలుక మీద పెట్టి చూసుకుంటే ఇంకా చురుక్కుమంది. గురువారం పొద్దున మళ్లీ పెట్టి చూసుకుంది. ఉప్పగా ఉంది, అంతే.

అప్పటికే లారీ వీధిలో ఆగి ఉంది. మరీసెల్ రెండు చేతులా సంచులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "వెళ్లొస్తాం అత్తమ్మా," అంది, వంగకుండా.

అంకమ్మ దారికి అడ్డంగా నిలబడి చెయ్యి చాపింది. అరచెయ్యి పైకి ఉంది, ఏదైనా పెడితే పుచ్చుకునేటట్టు. అది తప్పని ఆమెకే తెలిసింది గానీ, ఎట్లా పెట్టాలో తెలియలేదు.

"నాకిట్టా చాపటమే వచ్చమ్మా," అంది. "నా చిన్నతనాన ఈ చేతికి తగలకుండా కూలి డబ్బులు పైనుంచి జారవిడిచేవోళ్లు. నువ్వొచ్చి పట్టుకుని మొహానికి పెట్టుకుంటానంటే బయమేసింది. సిగ్గేసింది. కోపం కాదు తల్లీ. ఒట్టు."

మరీసెల్‌కి ఎంత అర్థమైందో చెప్పలేం. సంచులు కింద పెట్టింది. ఆ చేతిని మెల్లగా బోర్లా తిప్పి, వంగి, నుదురు ఆనించింది.

"ఇప్పుడు నేనేమనాల?" అంది అంకమ్మ.

"దేవుడు దీవించాలి అనాలి."

"దేవుడు నిన్ను దీవించును గాక," అంది అంకమ్మ, పాస్టరుగారి గొంతు పెట్టి. అది తన మాటలా అనిపించలేదు కాబోలు, "చల్లగా ఉండమ్మా," అని కూడా అంది.

వీధిలోంచి బెన్నీ కేకేశాడు. "అమ్మా! మిగతా సామాను ఎక్కించాలా, వద్దా?"

"ఎక్కించింది దించు. నీ లారీ నువ్వు తోలుకుపోరా!"

కోడలి తల ఇంకా లేవలేదు. చెయ్యి ఎంతసేపు ఉంచాలో అంకమ్మకు తెలియదు. అడగలేదు.