నిలుపుగది తలుపు

జనవరిలో మామిడిపండు తినడం అప్పటికి ఎవరికీ వింతగా లేదు. కోఠిలో ప్రతి సందులోనూ ఒక నిలుపుగది ఉండేది. అందులో నింపే నిలుపుగాలిలో ప్రాణవాయువు ఉండదు, అందులో తడి ఆరదు. లోపల పెట్టిన వస్తువు ఏ వయసులో ఉంటే ఆ వయసులోనే ఆగిపోతుంది. పండు మగ్గదు, ఇనుము తుప్పు పట్టదు, పెళ్లిదండ వాడదు. మనిషి మాత్రం ఊపిరితొడుగు లేకుండా పోకూడదు. తొడుగు పెట్టుకున్నవాళ్లను గుర్తుపడితేనే తలుపు తెరుచుకుంటుంది, లోపలి నుంచైనా, బయటి నుంచైనా.

రజిత తన గదిలో పాతకాలపు స్నీకర్లు దాచేది. వాటి సోల్ అడుగున గాజులా ఉంటుంది. మామూలు గాలిలో అది కొన్నాళ్లకే టీ మరకలా పసుపెక్కుతుంది. పసుపెక్కిన జతను సేకరణదారుడు చూడను కూడా చూడడు. అందుకే ఆ వ్యాపారంలో ఒక కట్టుబాటు ఉంది: సోల్‌ను వేలితో తాకరాదు. జిడ్డు తగిలిన చోటే మొదట పసుపు దిగుతుంది. మడమ లోపల వేళ్లు పెట్టి ఎత్తాలి.

ఆ మధ్యాహ్నం ఆమె తొడుగు చేతిలో పట్టుకుని గది వైపు వెళ్తుంటే శ్రావణ్ వచ్చాడు. గత వేసవిలో ఒక జత అమ్మిపోయిన కుర్రవాడు.

"నా జత నాకిచ్చెయ్ అక్కా."

"నీది కాదు. నువ్వమ్మినవు, నేను కొన్న."

"అప్పుడు అమ్మ దవాఖానల ఉండె. అది మా బాపు ఇచ్చిన జత."

"మరి తొడుక్కోకపోతివి? కాళ్లకేసుకునేదాన్ని దేవుని పటం లెక్క దాస్తివి. ఇగ ఇంకొకరు దాచుకుంటరు. సాయంత్రం కొనే మనిషొస్తుండు."

"ఇయ్యకపోతే గుంజుకుంట."

"గుంజుకునేటోడు చెప్పి రాడు, పో."

ఆమె తొడుగు పెట్టుకుని లోపల అడుగుపెట్టగానే అతడు వెనక నుంచి తోసుకొచ్చాడు. తలుపు మూసుకుంది. పిడికిలితో ఆమె దవడ మీద గుద్ది, ముఖం మీది తొడుగు పీకి తన ముఖానికి అదుముకున్నాడు. రజిత ఊపిరి బిగబట్టింది. చేతికందిన స్టాండు కడ్డీతో అతడి నుదుటి మీద కొట్టింది. చర్మం చిట్లి రక్తం కళ్లలోకి కారింది. అతడు ఆమె జుట్టు పట్టుకుని తలను అరకేసి బాదాడు. ఇంకోసారి బాదాడు. ఆమె అతడి మణికట్టు కొరికింది. అతడు వదలలేదు.

ఛాతీ మండిపోతోంది. బలంతో గెలిచే బేరం కాదని ఆమెకు అర్థమైంది. అరలోని అతడి జతను అందుకుని పైకి విసిరింది.

శ్రావణ్ రెండు చేతులూ చాచాడు. ఒక్కో బూటునూ మడమ దగ్గర, వేలు సోల్‌కు తగలకుండా పట్టుకున్నాడు. ఆ క్షణంలో రజిత తొడుగు లాక్కుని పెట్టుకుంది, తలుపు దాటింది. వెనకే అది మూసుకుంది.

గాలి వదిలే మీట ఆమె మోచేతి పక్కనే ఉంది. నొక్కితే బయటి గాలి లోపలికి పోతుంది, అతడు బతుకుతాడు. కానీ నిలుపుగాలిలో ఆగిన వస్తువుకు మెల్లగా అలవాటు చేయకుండా ఒక్కసారిగా బయటి గాలి సోకితే, ఆగిన ఏళ్లన్నీ ఒక్కపెట్టున మీద పడతాయి. గదిలో ఉన్నది ఆమె బతుకంతా కూడబెట్టిన సరుకు.

లోపల అతడు తలుపు బాదుతున్నాడు.

నొక్కితే సరుకు పోతుంది. లేచినవాడు మళ్లీ మీద పడతాడు. నొక్కకపోతే దొంగ పోతాడు, తనది తప్పని ఎవరూ అనరు. ఆమె లెక్క తేలేసరికి చప్పుడు ఆగిపోయింది. తరువాత చేతిని మీట దాకా తీసుకెళ్లి, వెనక్కి తీసుకుంది.

"లోపలికి రాంగనే పడిపోయిండు సార్," అని ఇన్‌స్పెక్టర్‌తో చెప్పింది. వాచిన దవడ ఆమె పక్షాన సాక్ష్యం చెప్పింది. "మీట నొక్కేంత టైం కూడా లేకుండె."

అయినవాళ్లు వచ్చేదాకా గది తెరవకూడదని నియమం. సాయంత్రానికి శ్రావణ్ తల్లి బాలమణి వచ్చింది.

గాజు తలుపు అవతల కొడుకు దానికి ఆనుకుని పడి ఉన్నాడు. బూట్లు ఛాతీ మీద ఉన్నాయి, సోళ్లు నీళ్లలా తేటగా. కొడుకు ముఖం నిద్రపోతున్నట్టే ఉంది. తలుపు అద్దం మీద లోపలి వైపు రక్తపు చేతి గుర్తులు. బయటైతే ఈపాటికి ఎండి నల్లబడేవి. అక్కడ మాత్రం ఇప్పుడే అద్దినట్టు ఎర్రగా, తడిగా మెరుస్తున్నాయి.

బాలమణి మొదటి గుర్తు మీద బయటి నుంచి అరచేయి ఆనించింది. తరువాత దాని కిందిదాని మీద. గుర్తులు కిందికి దిగుతుంటే ఆమె కూడా వంగింది, మోకాళ్ల మీద కూర్చుంది. చివరి గుర్తు దగ్గర చేయి ఆగిపోయింది.

"గిన్నిసార్లు తలుపు కొట్టిండా బిడ్డా?" అని రజితను అడిగింది.

ఇన్‌స్పెక్టర్ రజిత వైపు తిరిగి చూశాడు.

"గాలి వదిలి తలుపు తీయమంటవా అమ్మా?" అని ముసలామెను అడిగాడు.

"వద్దు సారూ. గాలి తగిలితే ఈ నెత్తురు నల్లగై రాలిపోతది. ఉండనీయుండ్రి. వచ్చినోళ్లందరు సూడనీ."

రజిత చున్నీ కొంగు తీసి అద్దం తుడవబోయింది. గట్టిగా రుద్దింది. మరక అవతలి వైపు ఉంది.