ఎదురెళ్ళేవాళ్ళకే టీకా

రెండువేల డెబ్బైల నాటికి విశాఖలో రేబిస్ ముందస్తు టీకా ఎవరికి, ఎప్పుడు వేయాలో డాక్టర్లు నిర్ణయించడం మానేశారు. ఆ పని ‘ముందెరుక’ అనే యంత్రం చూసుకుంటోంది. ప్రతివాళ్ళ ముంజేతికీ ఉండే పట్టీ ద్వారా వాళ్ళ నడకనూ, నాడినీ, రక్తంలోని యాంటీబాడీలనూ అది గమనిస్తుంది. ఎవరికి కాటు ముప్పు ఉందో ముందే పసిగట్టి టీకాకు పిలుస్తుంది. రక్షణ తగ్గితే మళ్ళీ బూస్టర్‌కు పిలుస్తుంది. కొత్తరకం రేబిస్‌కు పాత టీకాలు పనిచేయడం లేదు. కొత్త టీకా అందరికీ చాలదు.

ముందెరుకను తయారుచేసిన డాక్టర్ మందాకినికే పిలుపు రాలేదు. ఆవిడ పొద్దస్తమానం మెలిగేది కుక్కల పరిశోధన కేంద్రంలో. పిలుపొచ్చింది అక్కడే లెక్కలు కట్టే గణాంకవేత్త రహమతుల్లాకు. బల్లిని చూస్తే కుర్చీ ఎక్కే మనిషి ఆయన.

“మీ యంత్రానికి నామీద అంత ప్రేమేంటి మేడం?” అని నవ్వాడు.

“లెక్క తప్పినట్టుంది. నేను సరిచేస్తాలెండి,” అంది మందాకిని.

సరిచేసింది. ఆయన పేరు తీసేసి తన పేరు పెట్టి, ఆ టీకా తనే వేయించుకుంది. తప్పు చేశానని అనిపించలేదు. పైగా ఆ పూట అన్నం రుచిగా తిన్నది.

వానలు తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం కొండమీదినుంచి కుక్క ఒకటి తూలుతూ ఆవరణలోకి వచ్చింది. నోట్లోంచి చొంగ తీగలు సాగుతోంది. కాపలా మనిషి కూతురు మెట్లమీద ఆడుకుంటోంది. పిల్లకు దగ్గరలో ఉన్నది మందాకినే. అది పిచ్చికుక్కని అందరికన్నా ముందు పోల్చుకున్నదీ ఆవిడే. తన ఒంట్లో టీకా ఉందనీ తెలుసు. అయినా కాళ్ళు మాట వినలేదు. లోపలికి పరిగెత్తి గాజుతలుపు మూసేసుకుంది.

ఆ గాజులోంచే చూసింది. రహమతుల్లా కిటికీలోంచి దూకి, పిల్లను అమాంతం ఎత్తి గోడమీద కూర్చోబెట్టాడు. కుక్క ఆయన చెయ్యి కరిచి పట్టుకుంది.

ముందస్తు టీకా లేనివాళ్ళకు గాయం కడిగి టీకాలు వేస్తే చాలదు, గాయంలోకి ప్రతిరక్షక సీరం కూడా ఎక్కించాలి. అది ఊళ్ళో దొరకడం గగనం. మందాకిని ఫోను అందుకునేలోగానే ఆవరణలో డ్రోన్ దిగింది. అది తెచ్చిన సీరం సీసామీద రహమతుల్లా పేరుంది.

ఆయనకు సూదులు వేస్తుండగా ఆవిడ ముందెరుక గదికి వెళ్ళింది.

“నన్నెందుకు వదిలేశావు?”

“జంతువుల దగ్గర ఉండేవాళ్ళను కాదు, ఆపదకు ఎదురెళ్ళేవాళ్ళను వెతికాను. మీరు వెనక్కి వెళ్తారు.”

“మరి ఆ సీరం?”

“ఆయన్ను టీకాకు పిలిచినరోజే తెప్పించి ఉంచాను. ఆ టీకా ఆయనకు దక్కదని తేలింది.”

“ఎలా తేలింది?”

“అనుమతి ఇవ్వాల్సింది మీరు కనుక.”

మందాకినికి తల కొట్టేసినట్టయింది. చికిత్స గదికి వెళ్ళేసరికి రహమతుల్లా కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

“సీరం ముందే తెప్పించి ఉంచారంట కదా మేడం. మీ మేలు మర్చిపోను.”

ఊరుకుంటే సరిపోయేది. ఆవిడ ఊరుకోలేకపోయింది.

“నేను కాదండీ. మీకు రావాల్సిన టీకా నేనే వేసుకున్నాను. ఇవాళ తలుపు మూసుకుందీ నేనే.”



“తలుపు సంగతి చూశానండి. భయం నాకూ తెలుసు. ఏమీ అనుకోలేదు,” అన్నాడు. “టీకా సంగతి తెలీదు.”

అని మొహం గోడవైపు తిప్పుకున్నాడు.