కెనడా టీచరమ్మ

ఆ శుక్రవారం మధ్యాహ్నం రొవేనా కూతుర్ని చంకనేసుకుని, చోంగ్‌చింగ్ కొండవాలు మెట్లన్నీ ఊపిరి అందకుండా ఎక్కి ఇంటికి చేరేసరికి, అత్తగారు ఫాన్ వంటింట్లో ఎండుమిరపకాయలు వేయిస్తోంది. ఆ ఘాటు రొవేనాకు తెలియలేదు. తలుపు గడియ పెట్టి, గడియ పడిందో లేదో మళ్లీ చూసి, తలుపుకి వీపు ఆనించి అలాగే నిలబడిపోయింది. ఆరేళ్ల నీనీ ఆమె మెడ వదల్లేదు. పిల్ల లాగు తడిసి ఉంది. ఎప్పుడో చంటిపాపగా మానేసిన అలవాటు...!

ఫాన్ గరిటె పట్టుకుని బయటికొచ్చింది. రోజూ కోడలు స్కూలు నుంచి రాగానే “కెనడా మహారాణిగారు విచ్చేశారా” అని దెప్పడం ఆమెకు అలవాటు. ఆ రోజు ఆ మాట నోట్లోనే ఆగిపోయింది. వెనక్కి వెళ్లి పొయ్యి కట్టేసి వచ్చింది.

రొవేనాది కెనడా కాదు. ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో. అక్కడ సర్కారు బడిలో టీచరుగా ఉండేది. సముద్రం మీద వంతెన పనికి వచ్చిన హైబోను ప్రేమించి పెళ్లి చేసుకుని చైనాలోని ఈ మహానగరానికి వచ్చింది. హైబో ఇప్పుడు పక్క రాష్ట్రంలో కొండ తొలిచి సొరంగం వేసే పనిలో ఉన్నాడు. నెలకోసారి ఇంటికి రావడమే గొప్ప. భార్యగా ఇక్కడ ఉండడానికి ఆమెకు అనుమతి ఉంది కానీ, ఉద్యోగం చేయడానికి లేదు. ఆ సంగతి ఆమెకు మొదటి నుంచీ తెలుసు.

తెలిసీ ఎందుకు చేసిందని అడిగితే ఆమె ఏం చెబుతుంది? ఆ తొలి ఏళ్లలో ఆమె పొద్దున్నించి సాయంత్రం దాకా మూగదానిలా బతికింది. సంతలో కూర బేరమాడాలన్నా మాట రాదు. అత్తగారికి ‘ర’ పలకదు, తన పేరు కూడా ‘లోనా’ అయిపోయింది. అలాంటప్పుడు హైబో స్నేహితుడి ద్వారా ఓ ప్రైవేటు శిశు పాఠశాలలో ఇంగ్లీషు చెప్పే పని వచ్చింది. మంచి జీతం, పైగా నీనీకి ఆ బడిలోనే చోటు. ప్రిన్సిపాల్ తావ్ మేడమ్ ఒకే ఒక్క షరతు పెట్టింది. తల్లిదండ్రులకు ఫిలిప్పీన్స్ టీచరంటే నచ్చదు గనక ఆమె కెనడా మనిషి, పేరు వెండీ. కాయితాల సంగతి తాము చూసుకుంటామంది. హైబో, అందరూ చేసేదే కదా అని నవ్వేశాడు. పిల్లల ముందు నిలబడి పాట ఎత్తుకోగానే రొవేనాకు పోయిన గొంతు తిరిగి వచ్చినట్టనిపించింది. ఆ సంతోషం కోసం పేరు వదులుకుంది, ఊరు వదులుకుంది. చివరికి, బడిలో తనని అమ్మా అని పిలవద్దని కన్నకూతురికే నేర్పింది...

ఆ రోజు బడికి తనిఖీవాళ్లు వచ్చారు. తావ్ మేడమ్ రొవేనాను, సమీర్‌ను పిల్లల పరుపులు పెట్టే గదిలోకి తోసి తలుపు మూసింది. సమీర్ మొరాకో కుర్రాడు, బడిలో మాత్రం అమెరికా శామ్. ఆ చీకట్లో ఇద్దరూ పరుపుల మధ్య ఇరుక్కుని ఊపిరి బిగబట్టారు. బయట ఓ ఆడ అధికారి గొంతు వినబడింది. కోపంగా కాదు, బుజ్జగిస్తున్నట్టు పిల్లల్ని అడుగుతోంది, ఇక్కడ విదేశీ టీచర్లున్నారా కన్నా అని. అప్పుడు నీనీ గొంతు వినిపించింది.

“మా బడిలో అలాంటివాళ్లు లేరు. నాకు అమ్మ లేదు.”

అమ్మ గురించి ఆ పిల్లను ఎవరూ అడగలేదు. అడగకముందే దాచేసింది!

రొవేనా అరవబోతే సమీర్ ఆమె నోరు గట్టిగా మూశాడు. అంతలో ఎవరో వచ్చి ఆ గది తలుపు పిడి తిప్పారు. సమీర్ ఆమెను పరుపుల వెనక్కి నెట్టి, తనే తలుపు తీసుకుని బయటికి వెళ్లి, వెనకాల తలుపు దగ్గరగా వేశాడు. లోపల ఇంకెవరూ లేరని, తానొక్కడినేనని వాళ్లతో చెప్పాడు. వాళ్లు అతన్ని తీసుకెళ్లిపోయారు.

రొవేనా ఇదంతా వచ్చిన చైనీసులో, రానిచోట సైగల్లో చెప్పింది. ఫాన్ తిట్టలేదు. ఆ కుర్రాడికి నీకంటే చిన్న వయసేమో అని మాత్రం అంది. తర్వాత నీళ్లు కాచి మనవరాలికి ఒళ్లు తుడిచి బట్టలు మార్చింది. ఎంత పలకరించినా నీనీ మాట్లాడలేదు. సొరకాయ తీగలా నాయనమ్మ భుజం మీద వాలిపోయి తలుపు వైపే చూస్తూ కూర్చుంది.

ఫోన్‌లో హైబో కూడా భయపడ్డాడు. భయపడినప్పుడు అతనికి కోపం వస్తుంది. ఫోను ఆపేసి పెట్టుకుని, ఛంగ్డూ నగరంలో తన స్నేహితుడి ఇంటికి వెళ్లిపొమ్మని, గొడవ చల్లారే దాకా అక్కడే ఉండమని చెప్పాడు. వింటున్న ఫాన్ ఫోను లాక్కుని, ఎన్నాళ్లురా అని అడిగింది. ఆమె కోడలి వైపు తిరిగి, పోలీసు స్టేషన్‌కి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పేయమంది. చెబితే తనను దేశం దాటిస్తారు, నీనీ ఇక్కడి పౌరురాలు గనక ఇక్కడే ఉండిపోతుంది... అత్తగారికి కావలసింది కూడా అదేనేమో! ఆ అనుమానం ఒక్కసారి మనసులో పడ్డాక, మొదటి నుంచీ ఆమె అన్న ప్రతి దెప్పుమాటా దానికి సాక్ష్యమైపోయింది. ఆ రాత్రి ఆ ఇంట్లో నిద్రపోయింది నీనీ ఒక్కతే.

తెల్లారాక ఫాన్ కొత్త సంవత్సరానికి మాత్రమే వేసుకునే నల్ల కోటు తీసి వేసుకుంది. జుట్టు తడిచేత్తో అదిమి దువ్వుకుంది. ఎక్కడికని అడిగితే, కూరలకి అంది. కూరల బుట్ట మాత్రం తలుపు దగ్గరే ఉండిపోయింది. రొవేనా కిటికీ దగ్గరికి పరుగెత్తింది. పొగమంచులో మెట్లు దిగుతున్న ముసలావిడ కూరల సందు దాటింది. కింద మలుపులో ఉన్న పోలీసు ఠాణా ముందు కాసేపు ఆగి, లోపలికి వెళ్లింది.

ఆ తర్వాత ఏం సర్దిందో, నీనీతో ఎలా మెట్రో ఎక్కిందో రొవేనాకు తర్వాత ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రాలేదు. బోగీలో ఎవరు తలెత్తినా తననే చూస్తున్నట్టుండేది. రైల్వేస్టేషన్ గేటు దగ్గర గుర్తింపు కార్డులు చూసి ఒక్కొక్కరినే లోపలికి పంపుతున్నారు. వరస ముందుకి జరిగే కొద్దీ ఆమె చేతిలో పాస్‌పోర్టు చెమటకి జారిపోతోంది. యూనిఫాం వేసుకున్న కుర్రాడు ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. అప్పుడు, నిన్నటి నుంచీ నోరు తెరవని నీనీ ఆమె చెయ్యి లాగింది.

“అమ్మా, వాళ్లు అడిగితే నేనేం చెప్పాలి? నువ్వున్నావనా... లేవనా?”

పిల్ల మొహంలో ఏడుపు లేదు. పాఠం సరిగా అప్పజెప్పాలని భయపడే పిల్ల మొహంలా ఉంది. రొవేనా అక్కడే, ఆ జనం మధ్యే కూలబడి కూతుర్ని గుండెలకు అదుముకుంది. తాను ఇన్నాళ్లూ ఇంగ్లీషు నేర్పుతున్నాననుకుంది. సొంత బిడ్డకు నేర్పిందేమిటి? ఛంగ్డూ వెళ్తే అక్కడ ఇంకో పేరు, ఇంకో గది, ఇంకో అబద్ధం... వెనకున్న ఆయన విసుక్కుంటూ పక్కకి జరగమన్నాడు. ఆమె లేచి, వరస వదిలి, వచ్చిన దారినే తిరిగి ఠాణాకి బయల్దేరింది.

ఠాణాలోకి అడుగు పెట్టకముందే ఫాన్ గొంతు బయటికి వినబడుతోంది. వీధిలో బేరమాడినట్టే బేరమాడుతోంది.

“నీకెన్నిసార్లు చెప్పాలయ్యా? దానికి మన భాష రాదు, మన రూల్స్ తెలియవు. తిని కూర్చుంటున్నావని సాధించి, పనికి తరిమింది నేను. పేరు మార్చుకోమంది కూడా నేనే. వేసే శిక్ష నాకు వెయ్యి. తల్లిని పిల్ల దగ్గర ఉండనియ్యి.”

బల్లకి అటువైపు కూర్చున్న పోలీసు గావ్ ఆ వీధి అందరికీ తెలిసినవాడే. తల పట్టుకుని, పిన్నీ, ఇంకొకరి శిక్ష నీకు వేయడం కుదరదని అప్పటికే చాలాసార్లు చెప్పినట్టున్నాడు. రొవేనా గుమ్మం దగ్గర నిలబడిపోయింది. ఎవరిని చూసి పారిపోయిందో, ఆ మనిషి తన కోసం కొంగు పరిచినట్టు బతిమాలుతోంది! అబద్ధమంటే గిట్టని మనిషి, వరసగా అబద్ధాలాడుతోంది...

“మా అత్తయ్య చెప్పింది నిజం కాదు సార్,” అంది రొవేనా. “నాకు రూల్స్ తెలుసు. తెలిసే చేశాను. నా పేరు వెండీ కాదు. నిన్న ఆ గదిలో నేనూ ఉన్నాను.”

ఫాన్ గిర్రున తిరిగింది. “నోరు ముయ్యవే, నేను మాట్లాడుతుంటే మధ్యలో నీకేం తొందర!” అని కసిరి, మరుక్షణం బెంచీ మీద కూర్చుండిపోయి కోటు చేతితో కళ్లు తుడుచుకుంది.

విదేశీయుల సంగతి చూసే పెద్దాఫీసు నుంచి మనిషి రావాలన్నాడు గావ్. ఆ ఎదురుచూపులో ముగ్గురూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఎవరు లోపలికి వచ్చినా రొవేనా వేళ్లు చల్లబడిపోతున్నాయి. ఫాన్ ఆ వేళ్లని తన అరచేతిలోకి తీసుకుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె కోడలి చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి.

హైబో కడుపున పడ్డప్పుడు తానూ దాక్కున్నానని మెల్లగా చెప్పింది ఆమె. అప్పటికే ఒక ఆడపిల్ల ఉంది. ఆ రోజుల్లో సర్కారు రూలు ప్రకారం రెండో బిడ్డని కనకూడదు. పల్లెలో పెద్దమ్మగారి పందుల కొట్టం పైన అటక మీద ఓ చలికాలమంతా గడిపింది. కింద ఎవరి అడుగు వినబడ్డా నోట్లో గుడ్డ కుక్కుకునేది. కూతురు వాకిట్లో ఆడుకుంటుంటే, మీ అమ్మేదే అని అడిగినవాళ్లకి, చచ్చిపోయిందని చెప్పేదట. అలా చెప్పమని తనే నేర్పింది.

“బిడ్డ పుట్టాక కిందికి దిగాను, జరిమానా కట్టాం, అంతా అయిపోయింది,” అంది ఫాన్. “కానీ నా కూతురు మళ్లీ నా ఒళ్లోకి రాలేదు లోనా. పెళ్లయి వెళ్లేదాకా నన్ను పక్కింటావిడని చూసినట్టు చూసేది. నిన్న నీనీ అన్న మాట నువ్వు చెప్పగానే, నాకు నా కూతురి గొంతే వినబడింది. నిన్ను పట్టించడానికి రాలేదమ్మా. ఆ పిల్లని ఆ అటక మీంచి దించడానికి వచ్చాను.”

రొవేనా ఆమె భుజం మీద తల వాల్చి ఏడ్చింది. మిమ్మల్ని అనుమానించాను అత్తయ్యా అని చెప్పబోతే, ఆ సంగతి నాకు తెలియదనుకున్నావా, సర్దుకున్న సంచి ఇంకా నీ భుజానే ఉంది అంది ఫాన్.

పెద్దాఫీసువాళ్లు వచ్చారు. అడిగిందే మళ్లీ మళ్లీ అడిగారు. మధ్యలో ఒకావిడ నీనీ వైపు వంగి, ఈవిడ నీకేమవుతుందని అడిగింది. పిల్ల తల్లి మొహంలోకి చూసింది. రొవేనా తల ఊపింది. “మా అమ్మ” అంది నీనీ, ఆ గది దాటి వసారాలోకి కూడా వినబడేలా.

తేలేసరికి కొన్ని వారాలు పట్టింది. ఆ వారాల్లో రొవేనా తిన్న అన్నం ఒంటికి పట్టలేదు, మెట్ల మీద అడుగుల చప్పుడైతే చాలు గోడకి అతుక్కుపోయేది. చివరికి జరిమానా వేశారు. ఇంకోసారి జరిగితే దేశం విడిచి వెళ్లాల్సిందేనని రాతపూర్వకంగా హెచ్చరించారు. స్వయంగా వచ్చి చెప్పుకుంది గనక, చిన్నపిల్ల తల్లి గనక ఈసారికి ఉండనిచ్చారు. బడికి తాళం పడింది. సమీర్‌ను మాత్రం అతని దేశానికి పంపేశారు. తన కోసం తలుపు తీసుకుని వెళ్లిన ఆ కుర్రాడి పేరు చెప్పి చర్చిలో కొవ్వొత్తి వెలిగించడం తప్ప ఆమె ఏమీ చేయలేకపోయింది. ఆ బరువు అలాగే ఉండిపోయింది.

హైబో సెలవు పెట్టుకుని వచ్చాడు. భార్య ముందు తలెత్తలేకపోయాడు. నవ్వి కొట్టిపారేశాను, తప్పు నాదే అన్నాడు. తర్వాత ముగ్గురూ కూర్చుని మంచిచెడ్డలు ఆలోచించుకున్నారు. ఇలోయిలో వెళ్తే ఆమెకు సొంత పేరు, సొంత తరగతి, భయంలేని నిద్ర. ఇక్కడైతే భర్త సంపాదన, నీనీ చదువు, ఈ ఇల్లు. కానీ ఇంకా కొన్నేళ్ల దాకా, శాశ్వతంగా ఉండే అనుమతి వచ్చేదాకా, పాఠం అన్న మాట ఎత్తకూడదు. అది వస్తుందన్న నమ్మకం కూడా లేదు.

“నాకోసమని మాత్రం ఉండకు,” అంది ఫాన్, కోడలి వైపు చూడకుండా గిన్నెలు తోముతూ. “నాకోసం ఉండిపోతే, ఏదో ఒకనాడు నన్ను చూస్తేనే నీకు ఒళ్లు మండుతుంది.”

“మీకోసం కాదు అత్తయ్యా,” అంది రొవేనా. “ఈ ఊళ్లో నేను నేనుగా ఒక్కరోజు కూడా బతకలేదు. ఎలా ఉంటుందో చూసి, అప్పుడు వెళ్లాలా వద్దా అనుకుంటాను.”

ఎండలు ముదిరాక ఓ మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. రొవేనా నీనీని దగ్గరికి లాక్కుంది. ఫాన్ వెళ్లి తీసింది. బడిలో చదివిన దోదో అనే పిల్లవాడు, వాళ్ల అమ్మ. రొవేనా ముందుకొచ్చి, గుమ్మంలోనే చేతులు కట్టుకుని నిలబడి, తన పేరు రొవేనా అని, తనది ఫిలిప్పీన్స్ అని, ఇన్నాళ్లూ అబద్ధం చెప్పినందుకు క్షమించమని, ఇక పాఠాలు చెప్పనని ఒక్క ఊపిరిలో చెప్పేసింది. మొదట చాలా కోపం వచ్చిందని దోదో అమ్మ ఒప్పుకుంది. పాఠం కోసం రాలేదని, పిల్లాడు నీనీని చూడాలని ఒకటే గొడవ చేస్తున్నాడని అంది.

నీనీ అప్పటికే దోదో చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. ఫాన్ చల్లటి జెల్లీ మీద బెల్లంపాకం పోసి గిన్నెలు బల్ల మీద పెట్టింది. రొవేనా అలవాటుగా వెళ్లి తలుపు మూసి గడియ మీద చెయ్యి వేసింది.

“ఎందుకూ? ఉక్కపోస్తోంది, తీసి ఉంచు,” అంది ఫాన్.

రొవేనా తలుపు బార్లా తీసి, గాలికి మూసుకుపోకుండా స్టూలు అడ్డం పెట్టింది.