అరచేతిలో అచ్చు

“మీ పాతది మరీ బరువండీ. నాది చూడండి, దూదిపింజలా లేదూ?” అంటూ ఆమె రెండు స్క్యూయర్లనూ కౌంటర్ మీద పెట్టింది. సైకిల్ చక్రాన్ని బిగించే ఆ సన్నటి లివర్ చువ్వల గురించి నెల రోజులుగా ఇద్దరికీ ఇదే గొడవ.

“బరువైతేనేం? దీని బిగింపు లోపల దాక్కుని ఉంటుంది. బురద తగలదు, పట్టు వదలదు. మీదంతా పైపై సోకు,” అన్నాడు మెకానిక్.

“అంటే నేనూ సోకేనా?”

వెనక ట్యూబులు సర్దుతున్న అతని అక్క నవ్వాపుకోలేక దగ్గింది.

పంక్చర్ వేసి, ఆ తేలిక స్క్యూయర్‌తోనే ముందు చక్రం ఎక్కిస్తుంటే, ఆమె ఎదురుగా నిలబడి జడ విప్పి మళ్ళీ అల్లుకోసాగింది. అలాగైతే ఏ మెకానిక్ చేతులు మాత్రం మాట వింటాయి? ఎల్లుండి ఆమె వేరే ఊళ్ళో రేసు జట్టులో చేరడానికి వెళ్ళిపోతోంది. ఇవాళైనా చెప్పేయాలనుకున్నాడు. “గాలి సరిపోతుందండీ,” అని మాత్రం అన్నాడు. ఆమె కొండ రోడ్డులో ప్రాక్టీసుకని వెళ్ళిపోయింది.

అతనికి కాలు నిలవలేదు. పానా తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. బయట వాన మొదలైంది.

“ఏంట్రా, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావ్?” అంది అక్క.

“ఏం లేదులే,” అంటూ చేతులు కడుక్కోబోయి అరచెయ్యి చూసుకున్నాడు. లివర్‌ను అరచేత్తో నొక్కి సరిగ్గా మూస్తే అరచేతిలో ఎర్రగా అచ్చు పడాలి. వచ్చిన ప్రతివాడికీ తను చెప్పే పాఠమే అది. తన చెయ్యేమో నున్నగా ఉంది. లివర్‌ను నట్టులా తిప్పి, మూయకుండానే వదిలేశాడు! ఆ చక్రంతో కొండ దిగితే?

“అక్కా, చక్రం!” అని అరిచి, పాత స్క్యూయర్ జేబులో వేసుకుని సైకిలెక్కాడు.

కొండ మీద మలుపులో, రేకుల షెడ్డు కింద ఆమె నిలబడి ఉంది.

“దిగకండి! లివర్ మూయలేదు!”

“తెలుసు. మీ వీధి చివరే చూసి నేనే మూశాను.” అరచెయ్యి చాపింది. ఎర్రటి అచ్చు.

“మరి ఇక్కడెందుకు ఆగారు?”

“ఊరందరికీ పాఠం చెప్పే మనిషి నా చక్రం దగ్గరే ఎందుకు మర్చిపోయాడో కనుక్కుందామని. వస్తారనుకున్నాను. ఇంతసేపా రావడానికి?”

అతనికి ఊపిరి ఇంకా కుదుటపడలేదు. “మీరెదురుగా ఉంటే నాకు చేతులాడవండీ. మీరంటే నాకిష్టం. ఎల్లుండి వెళ్ళిపోతారంటే తిండి సయించడం లేదు.”

ఆమె సైకిల్‌ను అతని ముందుకు తిప్పింది. “ఆ బరువుది తెచ్చారా?”

జేబులోంచి తీశాడు.

“అదే బిగించండి. ఎంత దూరమెళ్ళినా పట్టు వదలదన్నారుగా. నెలనెలా వచ్చి చూపించుకుంటాను. ఈసారి మాత్రం నా వంక చూడకుండా బిగించండి.”

బిగించాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది.

“పడింది,” అంది. చెయ్యి మాత్రం వదల్లేదు.