ఆరని పాలిష్

"ఈ టేబుల్‌ను ఎవరు ఖూనీ చేసిండ్రు?"

కాజీపేటలోని ఆ ఇంటి వరండాలో అడుగు పెడుతూనే స్టీఫెన్ అన్న మొదటి మాట అది. భుజాన పనిముట్ల సంచి, జుట్టు నిండా వాన చినుకులు.

"నేనే," అంది సుప్రియ. "కుక్కర్ దించి పెట్టిన. తెల్ల మచ్చ పడ్డది."

"మరి ఈ గీతలు?"

"మచ్చ పోతదని స్టీల్ పీచుతోని రుద్దిన."

"మంచిగ చేసిండ్రు. సబ్బు పెట్టలేదా?"

"పెట్టిన," అంది మెల్లగా.

నవ్వబోయిన స్టీఫెన్ ఆమె కళ్లల్లో నీళ్లు చూసి ఆగిపోయాడు. అది ఆమె తాత ఇస్సాకు, పెళ్లయిన ఏడాది తన చేతులతో చేసిన టేకు టేబుల్. తాత పోయి పన్నెండేళ్లు. నానమ్మ మార్తమ్మ కంటి ఆపరేషన్ చేయించుకొని హన్మకొండలో కూతురింట్లో ఉంది. శనివారం తిరిగొస్తుంది.

"ఇన్ని రోజులు మసక కండ్లు. ఇప్పుడన్నీ సాఫ్‌గ కనబడతయ్. వచ్చి మొదలు చూసేది దీన్నే. జర ఎట్లన్న బాగు చేయండి."

స్టీఫెన్ కింద కూర్చుని టేబుల్‌ను పరీక్షించాడు. నాలుగు కాళ్ల కింద పాత రబ్బరు చెప్పుల ముక్కలు, ఇల్లు కడిగిన నీళ్లు చెక్కకు తగలకుండా. సొరుగులో పురుగు పట్టకుండా ఎండిన వేపాకు. ఒక్క అతుకూ కదల్లేదు.

"ఎన్నేండ్లయింది?"

"యాభై రెండు. నానమ్మ ఎండాకాలం వస్తే దీన్ని కిటికీ కాడ ఉండనియ్యది. పొడి బట్టతోనే తుడుస్తది. ఏడాదికోసారి అవిసె నూనె రాస్తది. నాకు తలకు నూనె పెట్టుడు మరుస్తది గానీ దీనికి మరువది."

కొని మూడేళ్లు కాకుండానే ఊగే సోఫాలు రోజూ బాగుచేసే స్టీఫెన్‌కు చేతులెత్తి మొక్కాలనిపించింది. "నేను మీ నానమ్మను చూడాలె మేడం."

అది సోమవారం. ఆ రోజే ఉప్పుకాగితంతో గీతలన్నీ పోయేదాకా నున్నగా రుద్దాడు. తర్వాత లక్క పాలిష్ గుడ్డకద్ది, గుండ్రంగా తిప్పుతూ పూశాడు. ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకున్న సుప్రియ ఆఫీస్ కాల్ సంగతి మరిచి అతని చేతినే చూస్తోంది.

"ఎంతసేపట్ల ఆరుతది?"

గంటలో ఆరుతుంది. ఇంకో మూడుసార్లు పూస్తే సాయంత్రానికి పని అయిపోతుంది. కానీ అప్పుడే ఆమె చెంపమీద చెక్కపొడి అంటుకొని ఉండటం చూశాడు.

"రేపటిదాక ఆరదు. వాన తేమ కదా," అన్నాడు.

మంగళవారం వచ్చాడు. బుధవారం వచ్చాడు. బుధవారం ఎండ ఫెళ్లుమంటోంది.

"ఇయ్యాల తేమ లేదు గద?" అంది సుప్రియ.

"లోపల ఉంటది మేడం."

"ఎవరి లోపల?"

స్టీఫెన్ పాలిష్ గుడ్డ పిండాడు. అందులో ఏమీ లేదు.

గురువారానికి 'మేడం' పోయి 'సుప్రియ' వచ్చింది. ఆమె నోట 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. శుక్రవారం టేబుల్‌లో వాళ్లిద్దరి మొహాలూ కనబడ్డాయి. ఇక పూయడానికి ఏ మూలా మిగల్లేదు. మనసులో మాట చెప్పాలని దారంతా అనుకొని వచ్చిన స్టీఫెన్, "రేపు నానమ్మకు చూపిచ్చి పోత," అని మాత్రం అనగలిగాడు. అబద్ధంతో మొదలైన పరిచయం. నిజం చెబితే ఆమె మొహం తిప్పుకుంటుందేమో?

శనివారం మార్తమ్మ నల్లద్దాలతో వచ్చింది.

"వందనాలు అమ్మమ్మా. సోమవారం సంది నిన్నటిదాక దీనికి పాలిష్ చేసింది నేనే," అన్నాడు స్టీఫెన్.

ఆమె అద్దాలు పైకెత్తి టేబుల్‌ను చూసింది. అరచేత్తో ఈ చివర నుంచి ఆ చివరకు నిమిరి, సరిగ్గా ఒకచోట ఆగింది.

"కుక్కరా?"

సుప్రియ తల వంచుకుంది.

"మంచి చెయ్యి నీది బిడ్డా," అంది మార్తమ్మ స్టీఫెన్‌తో. "మా ఆయన చేసినట్టే ఉంది. కానీ ఆయన పొద్దున మొదలువెడితే పొద్దుగూకేసరికి నాలుగుసార్లు పూసేటోడు. నీకు ఐదు రోజులెందుకు వట్టింది?"

స్టీఫెన్‌కు తేమ మాట మళ్లీ ఎత్తబుద్ధి కాలేదు.

"అబద్ధం చెప్పిన అమ్మమ్మా. గంటలనే ఆరింది. నాకే ఈడికెల్లి పోబుద్ధి కాలే."

సుప్రియ వైపు చూసే ధైర్యం లేదు. ఆమె గొంతు మాత్రం వినబడింది.

"నాకు సోమవారమే తెలుసు. నువ్వు గేటు దాటి పోంగనే వేలు పెట్టి చూసిన."

"మరి అడగలేదేం?"

"అడిగితే పని అయిపోతది గద!"

మార్తమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. కొత్త కంటికి బాగానే కనబడుతున్నట్టుంది.

"రేపు చర్చి అయినంక మీ అమ్మానాయినలను తోల్కరా. భోజనం ఈ టేబుల్ మీదనే. సుప్రియా, అబ్బాయికి చాయ్ పొయ్యి."

స్టీఫెన్ గాల్లో తేలుతూ పొగలు కక్కే చాయ్ గ్లాసు అందుకున్నాడు. ఆమెనే చూస్తూ దాన్ని తిన్నగా టేబుల్ మీదికి దించబోయాడు.

"కింద బట్ట!" అని నానమ్మ, మనవరాలు ఒక్కసారే అరిచారు.

గ్లాసు టేబుల్‌ను తాకేలోపే సుప్రియ తన చున్నీ కొంగు మడిచి కింద పెట్టేసింది.