అక్క పేరు

ఖిదిర్‌పూర్ తెలుగు చర్చి వెనకగదిలో పట్టపగలే లైటు వేసుకోవాలి. ఆ శనివారం మధ్యాహ్నం వాన ఆగకుండా పడుతోంది. చెమ్మ పట్టిన గోడల వాసన, కలరా ఉండల వాసన కలిసి హెప్సీకి గొంతులో గరగరలాడుతున్నాయి. ట్రంకు పెట్టెలోంచి సంఘపెద్ద దయారత్నం తీసిచ్చిన పుస్తకం శ్రీకాకుళం పక్క పల్లెది. ఆ పల్లెలో సంఘస్థుల చావుపుట్టుకలన్నీ అందులో ఉన్నాయి, ఇంటికో పేజీ చొప్పున. సగం ఊరు ఇక్కడి రేవు పనికి తరలొచ్చినప్పుడు పాస్టరుగారు దాన్నీ మోసుకొచ్చారట.

హెప్సీ సాల్ట్ లేక్ ఆఫీసులో చలాకీగానే ఉంటుంది గానీ, ఇక్కడే చదువుకుంది కాబట్టి తెలుగు అక్షరం కనబడితే కాళ్లూ చేతులూ ఆడవు. ఇప్పుడు తప్పలేదు. మంచం పట్టిన తల్లి విజయ కుమారి వారం రోజులుగా ఒకటే మాట.

"మాయక్క మంచం కాడ కూకుంటందే. నా పేరు నాకిచ్చీమంటంది. తెలిస్తే కదా ఇవ్వడానికి! కనుక్కోవే."

ఆవిడ పుట్టకముందే పోయిన అక్క. ఇంట్లో పెద్దపాప అనేవారే తప్ప ఎవరూ పేరెత్తేవారు కాదు. డాక్టరు ఇక ఎన్నో రోజులు లేవన్నాడు. పోయే తల్లి చెవిలో ఆ ఒక్క పేరైనా వెయ్యాలని హెప్సీ ఆరాటం.

వేలు పెట్టి కూడబలుక్కుంటూ తాతగారి పేజీ దగ్గర ఆగింది.

"మావయ్యా, ఇదేటి రాసుంది?"

దయారత్నం కళ్లజోడు సర్దుకుని చదివాడు. "పెద్దమ్మాయి విజయ కుమారి, ఐదేళ్లు. మశూచి వచ్చి ప్రభువునందు నిద్రించెను. చిన్నమ్మాయి, మూడు నెలలు. బాప్తిస్మమప్పుడు అక్క పేరే పెట్టడమైనది."

హెప్సీ ఆ రెండు వరుసల మీదా మళ్లీ వేలు జరిపింది.

"పోయిన బిడ్డే తిరిగొచ్చిందని అలగ పెట్టుకునేవోరమ్మా," అన్నాడాయన గుసగుసగా.

పేరెత్తకపోవడమేమిటి! డెబ్బై ఏళ్లుగా రోజూ ఆ పేరే పిలుస్తున్నారు. హెప్సీకి ముందు ఏడుపొచ్చింది. తర్వాత భయమేసింది. ఆ పేరు తిరిగిచ్చేస్తే అమ్మకేం మిగులుతుంది?

చెప్పకూడదు. అబద్ధమాడాలి. గొడుగు మరిచిపోయి వానలోనే ఇంటికి పరుగెత్తింది.

తల్లికి తోడుంచిన పక్కింటి పుష్పరాణి గడపలో కూర్చుని ఉంది. "నన్ను బయటకెళ్లమంది హెప్సీ. అక్కతో మాటాడుకోవాలంట."

లోపల ఆముదం వాసన... పసిపిల్లల తలకి రాసేది.

విజయ కుమారి దిండుకానుకుని కూర్చుంది. మొహం తేటగా ఉంది.

"దొరకలేదమ్మా," అంది హెప్సీ, చూపు తప్పించి.

"పోనీయే. అక్కే సెప్పీసింది. ఇచ్చీసేను."

"ఏటి... ఏటిచ్చీసేవు?"

అంతలో ఫోను మోగింది. దయారత్నం. స్పీకరులో ఆయన గొంతు ఖంగుమంది. "విజయ కుమారీ! ఎలగున్నావమ్మా?"

తల్లి పలకలేదు. పిలుపు తనది కానట్టు హెప్సీ వైపు చూసింది.

"నన్ను కాదే. దాన్ని పిలస్తన్నారు."

మంచం అవతలి నుంచి "బాగున్నాను," అంది ఎవరో చిన్నపిల్ల.

హెప్సీ ఫోను మంచం మీద పడేసింది. తల్లిని గట్టిగా కావలించుకుంది. పేరు పోతే పోయింది. అమ్మా అనే ఈ పిలుపు మాత్రం ఎవరికీ పోనివ్వకూడదు.

"అమ్మా!"

"ఆఁ."

"అమ్మా!"

"ఆఁ..." నీరసంగా, ఎక్కణ్ణించో. చెయ్యి చల్లబడుతోంది.

"అమ్మా!"

"ఆఁ."

ఈసారి మంచం అవతలి నుంచి.